లారీకి దారిచ్చిన సిపాయిలు

మా మనవరాలు మేధ ఆ పూట నా సిపాయిలలో ఒక్కడినీ చంపలేదు. అందరినీ నా చేతనే జరిపించింది. విజయనగరంలో మా అమ్మాయి రజని ఇంట్లో భోజనాల బల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, అట్టలతో చేసిన కూలిన గోడలూ ఒక వంతెనా అమర్చి, బొటనవేలంత ప్లాస్టిక్ సిపాయిలను రెండు పక్షాలుగా నిలబెట్టింది. వాళ్ళ టోపీలకూ బూట్లకూ రంగులు తనే వేసుకుంది. పదో తరగతి పిల్ల. ప్రతి ఆదివారం మధ్యాహ్నం స్నేహితులతో ఈ యుద్ధం ఆడుతుంది. ఆ వారం స్నేహితులు రాలేదు, నేను దొరికాను. ఆట ముగిసేసరికి వంతెన ఎవరి చేతిలో ఉంటే వాళ్ళది గెలుపు. నా పన్నెండుమందీ వంతెన మీద దిట్టంగా ఉన్నారు. మేధ తన ట్యాంకును తిన్నగా వాళ్ళ మీదికి తోలింది.

"కాల్చవేమే?" అన్నాను.

"కాలిస్తే ఇద్దరో ముగ్గురో పోతారు, మిగిలినోళ్ళు అక్కడే ఉంటారు. ట్యాంకు మీదికొస్తే దారివ్వాలి, అది రూలు. జరుపమ్మమ్మా."

"ఎటు జరపను?"

"నీ ఇష్టం. నీ సోల్జర్లు కదా."

ఇష్టమే అనుకుని చూశాను. ఎడమ పక్క గోడ. కుడి పక్క ఆమె రెండో బండి ఎప్పుడు వచ్చిందో, వచ్చి నిలబడి ఉంది. ఖాళీ ఉన్నది వెనక మాత్రమే, అంటే వంతెన దిగువనే. పన్నెండుమందినీ ఒక్కొక్కడినే తీసి కిందికి దింపాను. "చూశావా, నేను ముట్టుకోనే లేదు" అంది మేధ, ముక్కు మీదికి జారిన కళ్ళజోడు సర్దుకుంటూ. ఈ ఆట నాకు కొత్త కాదు. అరవై ఏళ్ళ కిందట నౌపడలో, ఇసుక మీద, ఇదే ఆట ఆడి ఇలాగే ఓడిపోయేదాన్ని.

నన్ను విజయనగరం పిలిపించింది ఆటకోసం కాదు, ఒక పని మీద. నేను కొత్తవలసలో ఒక్కదాన్నే ఉంటాను. ఆదివారాలు విశాఖలో ఏదో ఒక హేతువాద సభ ఉంటుంది, మాట్లాడడానికి రైలెక్కి పోతాను. రజనికి కూతురిని విశాఖలో ఆదివారం కోచింగులో చేర్పించాలని ఉంది. పిల్ల ససేమిరా అంటోంది. "నేను చెప్తే వినదమ్మా. నువ్వడుగు. ఒక్కదాన్నే పోలేకపోతన్నాను, ఆదివారాలు తోడు రా అను. నీకోసమైతే వస్తాది. నాలుగు వారాలు వచ్చిందంటే అలవాటైపోతాది, ఆ తరవాత క్లాసు సంగతి నేను చూసుకుంటాను" అంది. వినడానికి నిరపాయంగానే ఉంది. పిల్ల చదువుకోసమే కదా. సరేనన్నాను. ఆ సరే నోట్లో ఉండగానే ఆటకు కూర్చున్నాను.

నౌపడలో మా నాన్న బడిపంతులు. సేద్యం చేసుకునే ఇంట్లో పుట్టి, సంస్కరణ సభలకు తిరిగి తిరిగి, దేవుడి గూడు పీకి అక్కడ పుస్తకాలు సర్దిన మనిషి. మా ఇంట్లో పొద్దున చద్దన్నం దగ్గర ఎవరైనా ఒక మాట అంటే దానికి ఆధారం చెప్పాలి. "ఈ ఏడు వానలు ఆలస్యమట" అంటే "ఎవరన్నారు, వాళ్ళకెలా తెలుసు?" అనేవాడు. ఆవకాయ ముక్క అరచేతిలో పట్టుకుని సాక్ష్యం చెప్పడం నాకు ఏడేళ్ళకే వచ్చు. గ్రహణం నాడు వీధి అరుగు మీద వరసగా కూర్చుని, అందరూ చూసేట్టు పులిహోర తినేవాళ్ళం. వీధిలోని వాళ్ళు తలుపు సందుల్లోంచి మాకేమవుతుందోనని చూసేవాళ్ళు. మా అక్క పులిహోరలో పల్లీలు మాత్రం ఏరుకు తినేది. నాన్నకు కోపం రాగా నేను చూడలేదు. వద్దు అన్న మాట మా ఇంట్లో వినబడేది కాదు. వేదికల మీద ఈ సంగతి నేను చాలాసార్లు గొప్పగా చెప్పాను.

వద్దు అనకుండానే ఆయన చాలా వాటిని ఆపేవాడన్న సంగతి మాత్రం చెప్పలేదు. ఎందుకంటే అప్పుడది నాకు కనబడలేదు. అమ్మ చాటుగా పొరుగింటావిడ చేత అమ్మవారికి కొబ్బరికాయ కొట్టించేది. ఆ చెక్కలతో పచ్చడి చేసిన ఒక రోజున నాన్న మొదటి ముద్ద దగ్గరే కాస్త ఆగాడు. కర్పూరం వాసన ఎంత కడిగినా పోదు. ఏమీ అనకుండా తినేసి లేచాడు. ఆ తరవాతి సంతనుంచి తనే బుట్టెడు కొబ్బరికాయలు తెచ్చి వంటింట్లో పెట్టడం మొదలుపెట్టాడు. ఇంట్లో అన్ని కాయలుండగా కొబ్బరికని పొరుగింటికి వెళ్ళడానికి అమ్మకు సాకేముంది? రాకపోకలు వాటంతటవే తగ్గాయి. నాన్నకు అమ్మ మీద ఎంత ప్రేమో అనుకున్నాను. ప్రేమ లేదని ఇప్పుడూ అనను.

రైలు పట్టాలు దాటి ఉప్పు మడుల వైపు వెళితే చివరి ఇల్లు సుబేదారు దానియేలు గారిది. మిషను కాలంనుంచీ బాప్టిస్టు కుటుంబం. సైన్యంలో కొత్తవాళ్ళకు పాఠాలు చెప్పి పెన్షను మీద వచ్చాడు. వాళ్ళ నడవలో నులక లేని మంచంలాంటి ఒక పెద్ద చెక్క తొట్టె, దాన్నిండా సముద్రపు ఇసుక. సైన్యంలో యుద్ధం నేర్పేది అలాంటి ఇసుక బల్ల మీదేనట. దాని మీద ఆయన వేలితో ఏరు గీసేవాడు, అగ్గిపుల్లలతో వంతెన కట్టేవాడు, కొండలకు ఉప్పు కుప్పలు పోసేవాడు. వానాకాలం వస్తే ఆ కొండలు చెమర్చి సగానికి దిగిపోయేవి. "కొండని కూడా నమ్మకూడదే" అనేవాడు. సిపాయిలను మెత్తని కర్రతో చాకుపెట్టి తనే చెక్కాడు. లారీలు అగ్గిపెట్టెలు, లోపల బరువుకు తడిమట్టి, చక్రాలకు చొక్కా బొత్తాలు. ఇల్లంతా తడి గోనెసంచుల వాసన, దాని మీద పెరట్లో ఎస్తేరమ్మ కాల్చే జీడిపిక్కల పొగ. ఆ పొగకు కళ్ళు మండేవి. ఆవిడ వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆట మధ్యలో నాలుగు పప్పులు నా ఒళ్ళో పడేసి పోయేది.

ఆదివారం వాళ్ళు గుడినుంచి వచ్చి భోంచేశాక ఆట. నాకు పదకొండేళ్ళు. ఆయనకు ఆటలో పోటీ దొరకక నన్ను పట్టుకున్నాడో, పిల్లలు దగ్గర లేని ఇంట్లో నేను సందడో తెలియదు కానీ నన్ను చిన్నపిల్లలా ఎప్పుడూ గెలిపించలేదు. అక్కడా రూలు ఇదే. లారీ తిన్నగా వస్తే ఎదుటున్న సిపాయిలు పక్కకు జరగాలి, జరపాల్సింది ఆ సిపాయిలు గలవాళ్ళే. జరగను అని ఒక్కడు నిలబడొచ్చు. నిలబడితే ఆరు గవ్వలు వెయ్యాలి. నాలుగు వెల్లకిలా పడితే లారీ ఆగిపోతుంది, లేకపోతే ఆ సిపాయి పోతాడు. ఏటికి ఇవతల చిత్తడి నేల. అందులో దిగినవాడు రెండు వంతులదాకా కదలకూడదు.

"లారీ వస్తన్నాది. ఏటి సేస్తావు?"

"పక్కకి జరుగుతాను తాతా."

"ఎందుకు?"

"నేకపోతే తొక్కేస్తాది కదా."

"తొక్కేస్తాదని ఎవుడు సెప్పినాడు? గవ్వలున్నాయి కదా. నిలబడినోడికీ ఒక దారుంటాది."

నేను ఎప్పుడూ నిలబడలేదు. ఒక్క సిపాయినైనా పోగొట్టుకోవడం ఇష్టం లేక అందరినీ భద్రంగా జరిపేదాన్ని. మూడు వంతులయ్యేసరికి నా దండంతా చిత్తడిలో ఉండేది, ఒక్క గీత కూడా పడకుండా. ఆయన మీసాల్లో నవ్వుకుని, "లారీ మొకం సూసి జరుగుతన్నావు. నీ కాలెక్కడ పడతన్నాదో సూసుకోవేటే? నేను నిన్ను తొక్కడానికి తోలనేదు, అక్కడికి పంపడానికి తోలినాను" అనేవాడు. ఉక్రోషంతో ఇంటికొచ్చి, వచ్చే వారం ఎలా ఆడాలో అన్నం మెతుకులతో కంచంలో పన్నాగాలు పన్నేదాన్ని. ఆలోచించడమంటే ఏమిటో నాకు మొదట తెలిసింది మా నాన్న దగ్గర కాదు, అక్కడ. ఈ వాక్యం రాయడానికి నాకు డెబ్బై దాటవలసివచ్చింది.

ఇసుకను చెక్కతో చదును చేస్తూ ఆయన ఈలలో ఒక పాట పాడేవాడు. వినీ వినీ నాకూ వచ్చేసింది. ఒక సాయంత్రం చేట ముందు పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూ అదే తీస్తున్నాను. బడిపిల్లల పుస్తకాలు దిద్దుతున్న నాన్న కలం ఆగింది.

"ఆ పాట ఎక్కడిదమ్మా?"

"సుబేదారు తాతది. మిలట్రీ పాట."

"ఊఁ" అన్నాడు. అది మిలట్రీ పాట కాదు. ఆదివారం గుడిలో పాడే కీర్తన. నాకు నిజంగా తెలియదు. తరవాత రెండు మూడు రోజులు నాన్న మామూలుగా మాట్లాడుతున్నట్టే అడిగాడు: ఆట మొదలెట్టే ముందు కళ్ళు మూసుకుంటారా? పప్పులు పెట్టేటప్పుడు ఆవిడ ఏమైనా అంటుందా? గోడల మీద ఏముంది? నేను ఆయన తయారుచేసిన సాక్షిని. చూసింది చూసినట్టు చెప్పాను. కళ్ళు మూసుకోరు. గోడ మీద ఒక గుడ్డ, దాని మీద రంగుదారాలతో కుట్టిన ఒక వాక్యం. తుమ్మినప్పుడు ఎస్తేరమ్మ స్తోత్రం అంటుంది. అంతే. నన్ను ఎవరూ ఏ మతంలోకీ పిలవలేదు, నా ముందు ఎవరూ ప్రార్థన చెయ్యలేదు. ఆధారం లేని మాట ఒప్పుకోని మనిషి ఆ సాక్ష్యమంతా విన్నాడు, తలాడించాడు.

రెండు వారాలు తిరక్కుండా సైకిలు వచ్చింది. ఆడపిల్లల సైకిలు. మా వీధిలో ఆడపిల్ల సైకిలెక్కడం అదే మొదలు. నాన్న సీటు వెనక పట్టుకుని ఉప్పు బళ్ళ దారిలో పరుగెత్తాడు. మడుల్లో పనిచేసే ఆడవాళ్ళు పారలు ఆపి చూసేవారు. "మేష్టారి పిల్ల సైకిలెక్కినాదే, రేపు రైలు తోల్తాది" అని ఒకావిడంటే, "తోలనీ, మనకి టిక్కెట్టుండదు" అని ఇంకొకావిడ. ఒంటరిగా తొక్కడం వచ్చిన రోజున నాన్న అన్నాడు: "టెక్కలిలో ఒక పంతులుగారి అరుగు మీద ఆదివారం మధ్యాహ్నం చర్చ జరుగుతుంది. శకునాలు, జాతకాలు, అన్నిటి మీదా వాదిస్తారు. ఆడపిల్ల ఒక్కర్తీ రాదు. నువ్వు వెళ్ళగలవా?"

వెళ్ళు అనలేదు. వెళ్ళగలవా అన్నాడు. ఆ రెంటికీ తేడా చూడండి. ఒకటి మీద తిరగబడొచ్చు, రెండోదాని మీద తిరగబడడం ఎలా?

మొదటిసారి వెళ్ళే ముందు సైకిలు చూపించడానికి సుబేదారు గారింటికి వెళ్ళాను. ఆయన గుమ్మం దిగి వచ్చి చుట్టూ తిరిగి చూశాడు. బ్రేకు నొక్కాడు. గంట కొట్టాడు. "ఏ రోజెల్తావు టెక్కలి?" అన్నాడు. "ఆదివారం మజ్జానం" అన్నాను. ఎస్తేరమ్మ ఆయన మొహంలోకి చూసింది. ఆయన నా సైకిలు వెనక చక్రం రెండు వేళ్ళతో నొక్కి, "గాలి తక్కువున్నాది" అని లోపలికెళ్ళి పంపు తెచ్చి, వంగి, గట్టిపడేదాకా కొట్టాడు. ఆదివారం అంటే మా ఆట సంగతేమిటని నేను ఆలోచించలేదు. ఆయన అడగలేదు. వారం వారం నా చెవిలో పోరే ప్రశ్న, కాలెక్కడ పడుతోందో చూసుకున్నావా అన్నది, ఆ ఒక్క రోజున ఎందుకు వెయ్యలేదు? నాన్న ఆయనతో ముందే మాట్లాడాడా? లేక వస్తున్న బండిని చూసి తనే దారిచ్చాడా? ఇద్దరూ పోయారు. నేను అనుమానించడం తప్ప చేయగలిగిందేమీ లేదు. ఆ తరవాత మళ్ళీ ఇసుక బల్ల దగ్గర కూర్చోలేదు. మానెయ్యాలని అనుకోలేదు కూడా. టెక్కలి అరుగు మీద పెద్దవాళ్ళ మాటకు మాట అడ్డం వేసి, చప్పట్లు కొట్టించుకుని, చీకటి పడకముందే ఇల్లు చేరడంలో ఆదివారం అయిపోయేది. ఆ అరుగు మీద నేర్చినదే తరవాత నా వ్యాసాలయింది, నా జీవితమయింది. నా స్వేచ్ఛ ఆ సైకిలు మీద మొదలయిందని ఎన్ని ఊళ్ళలో చెప్పానో లెక్క లేదు.

మేధతో ఓడిపోయాక బల్ల దగ్గరనుంచి లేచి వసారాలోకి వెళ్ళి పాతపట్నంలో ఉన్న మా అక్కకు ఫోను చేశాను. నాకంటే ఆరేళ్ళు పెద్ద. చెవులు బాగానే ఉన్నాయి, ఓపికే లేదు.

"అక్కా, నాన నాకు సైకిలెందుకు కొన్నాడే?"

"ఇప్పుడా అడగడం? పళ్ళన్నీ ఊడిపోయినాక?"

"సెప్పవే."

"ఆ సుబేదారింటికి ఎల్లడం మానిపిద్దామని. నీకు తెలీదేటి? మనింట్లో పిల్లికి కూడా తెలుసు."

"నాతో ఒక్క మాటనలేదు కదా."

"అంటే మానీసేదానివా? వద్దంటే రెండు పూటలా ఎల్తాది, బండి కొనిస్తే అదే అటెల్లిపోతాది అన్నాడు అమ్మతో. నేను పక్కనే వంకాయలు తరుగుతన్నాను. నాకు మాత్రం కొన్నేదు. నేను పాటలు పాడనేదు కదా, ఎవులింటికీ ఎల్లనేదు కదా. నాకెందుకు సైకిలు? నువ్వు ఆ పాట తీయబట్టి సదువుకున్నావు. నేను బుద్దిగా ఉండబట్టి ఇక్కడున్నాను."

"నువ్వెప్పుడూ సెప్పలేదే."

"నువ్వు మైకుల్లో సెప్తంటే అందరూ సప్పట్లు కొడతన్నారు. మజ్జిలో నేనెందుకే?" అని, కూర మాడుతోందని పెట్టేసింది.

నా వ్యాసాలు చదివినవాళ్ళకు నా పద్ధతి తెలుసు. నీ నమ్మకం నీది కాదు, నిన్ను ఎవరో అక్కడ నిలబెట్టారు అని ఎదుటివాణ్ణి నిలదీస్తాను. ఉయ్యాలలో ఉండగానే తిలకం దిద్దారు, అందుకని నువ్వు ఆ మతం. ఇంకొకరిని నీళ్ళలో ముంచారు, అందుకని ఆ మతం. నువ్వు ఎప్పుడు ఎంచుకున్నావు? ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేక తలదించుకున్నవాళ్ళను చూసి నేను గెలిచానని ఇంటికొచ్చాను. ఆ ప్రశ్న నావైపు తిరిగితే ఏం చెప్పాలి? దేవుడు లేడన్న నా మాట ఇప్పటికీ నిజమనే అంటాను, దానికి నా దగ్గర ఆధారాలున్నాయి. కానీ ఆ మాట దగ్గరికి నేను నడిచి వచ్చానా, దారిస్తూ దారిస్తూ వచ్చి పడ్డానా? మా నాన్న నన్ను మంచి చోటికే పంపాడు, అది ఒప్పుకుంటాను. పంపినవాడు మంచివాడైతే పంపడం మంచిదవుతుందా? మా అక్కను అడగండి. ఆ రోజుల్లో ఇలా జరిపేవాళ్ళు ఇంటికి ఒకరో ఇద్దరో. మొహాలు తెలుసు, కనీసం తరవాతైనా ఎవరని అడగొచ్చు. ఇప్పుడు మేధ చేతిలో ఫోను చూస్తాను. ఏది చూడాలో, ఏది కొనాలో, ఏ ఊళ్ళో ఏ కోచింగులో చేరితే జీవితం గట్టెక్కుతుందో గంటకోసారి చెబుతూనే ఉంటుంది. ఎవరు చెబుతున్నారో మాత్రం అందులో రాసి ఉండదు. పక్కన వంకాయలు తరుగుతూ విన్నవాళ్ళు కూడా ఉండరు.

అయినా ఫోనును తిట్టడం సులువు. ఆ పూట ఆ ఇంట్లో ఆ పిల్లను జరపడానికి వచ్చిన బండి ఫోను కాదు, నేను.

లోపలికి వెళ్ళేసరికి మేధ సిపాయిలను ఒక్కొక్కడినే దూదిలో పెట్టి డబ్బాలో సర్దుతోంది. వంటింట్లో రజని దోసెలు వేస్తోంది. ఎదురుగా కూర్చుని చెప్పేశాను. "మేధా, మీ అమ్మ నన్ను పిలిపించింది. ఆదివారాలు నాకు తోడు కావాలని నిన్ను విశాఖ తీసుకెళ్ళి, అలవాటయ్యాక అక్కడ క్లాసులో చేర్పించాలని. నాకు తోడు అక్కర్లేదు. ఒక్కదాన్నే బాగానే వెళ్తున్నాను. నేను సరేనన్నాను కూడా."

మేధ చేతిలోని సిపాయిని తిప్పి చూసింది. "నాకు తెలుసు. అమ్మ ఫోన్లో మెల్లగా మాట్లాడితేనే తెలుస్తాది."

"మరి అడగలేదేం?"

"నువ్వు చెప్తావో చెప్పవో చూద్దామని." డబ్బా మూత పెట్టింది. "నువ్వు చెప్పేశావు కాబట్టి వస్తానులే అమ్మమ్మా. నాలుగు ఆదివారాలే కదా."

అబద్ధంతో కదలని పిల్ల నిజంతో ఎంత సులువుగా జరిగింది. "అందుకని రాకు. ఇంకో కారణం చెప్పు" అన్నాను.

"ఏటి అమ్మమ్మా, వస్తానన్నా గొడవేనా?"

"ఆ క్లాసు నీకు కావాలా?"

ఆలోచించింది. నిజంగా ఆలోచించింది, పెదవి కొరుక్కుంటూ. "వద్దు. లెక్కలు ఇక్కడ సారే బాగా చెప్తారు. ఆదివారం నాకు ఇది కావాలి."

"అయితే అది మీ అమ్మకి చెప్పు."

"నువ్వు చెప్పొచ్చు కదా?"

"నేను చెప్పను."

మేధ వంటింటి గుమ్మందాకా వెళ్ళి, అక్కడ ఆగి, ఒకసారి వెనక్కి నావైపు చూసి, లోపలికి వెళ్ళింది. మాటలు వినబడ్డాయి, ముందు నెమ్మదిగా, తరవాత గట్టిగా. అట్లకాడతో సహా రజని బయటికొచ్చింది. "నిన్ను ఒక్క పని అడిగానమ్మా" అంది. అంతే అంది. దోసె తెచ్చి నా కంచంలో వేసి వెళ్ళిపోయింది. ఆమె భయం ఆమెది. ఆమె చెడ్డ తల్లి కాదు. మా నాన్నా చెడ్డవాడు కాదు.

ఆ సాయంత్రం పాసింజరులో కొత్తవలస వస్తూ లెక్క చూసుకున్నాను. పిల్ల తనకు కావలసినదేమిటో తల్లి ఎదుట నిలబడి చెప్పింది, ఎవరూ తొక్కెయ్యలేదు. అది చూడడానికే ఇన్నేళ్ళు బతికానని రాసి ఈ అధ్యాయం ముగించొచ్చు. కానీ గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూసిన చూపు ఒకటుంది. అది ధైర్యంకోసం చూసిన చూపా, నేను ఏం కోరుకుంటున్నానో కనిపెట్టడానికి చూసిన చూపా? అడిగితే ఏం చెబుతుందో నాకు తెలుసు. నా మొహం చూసి చెబుతుంది. అందుకని అడగలేదు.